సాహితికి, గాలి మీటరు గురించి

విశాఖపట్నం

చిరంజీవి సాహితికి,

వచ్చే వసంతంలో ఒక్లహోమాలోని నార్మన్ నుంచి స్నేహితులతో కలిసి గాలివాన మేఘాల వెంట కారులో తిరగబోతున్నానని, చేతిలో పట్టుకునే గాలి మీటరు ఏది కొనాలో చెప్పమని అడిగావు. మీ అమ్మ భయపడుతోంది. నాకూ భయంగానే ఉంది తల్లీ. అయినా వెళ్ళొద్దని రాయను. నువ్వు కొనే మీటరును బట్టే గాలి వచ్చినప్పుడు నువ్వు ఎక్కడుంటావో సగం తేలిపోతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

దేన్ని కొలవాలో ముందు తేల్చుకో. టోర్నడోను కాదు. 1999 మే 3న ఒక్లహోమాలోనే మూర్ దగ్గర టోర్నడో గాలి గంటకు 300 మైళ్ళ దాకా వీచిందని చెప్పింది ట్రక్కు మీద అమర్చిన డాప్లర్ రాడార్, అదీ దూరం నుంచి. కెస్ట్రెల్ లాంటి మంచి చేతి మీటర్లు కూడా నమ్మకంగా చెప్పగలిగేది 90 మైళ్ళ లోపే. నీకు పని ఉన్నది మేఘం కింద కుప్పకూలి నేల వెంట తోసుకొచ్చే చల్లగాలితో, మేఘం తనలోకి లాక్కునే వెచ్చటి గాలితో. గాలి 58 మైళ్ళకు చేరినా, వడగళ్ళు అంగుళం సైజుకు పెరిగినా అక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ దాన్ని తీవ్రమైన గాలివానగా లెక్కపెడుతుంది. ఆ స్థాయి గాలిని ఒంటికి తగిలినదాన్ని బట్టి చెప్పేవాళ్ళు చాలావరకు ఎక్కువే చెబుతారు. అందుకే నివేదికల్లో కొలిచిన గాలికి ఒక గుర్తు, అంచనా వేసిన గాలికి మరో గుర్తు పెడతారు. నీ పేరుతో వెళ్ళేది కొలిచిన గాలి కావాలని నా కోరిక.

ఇక రకాలు. మూడు గిన్నెలు తిరిగే మీటరుకు గాలి ఏ పక్కనుంచి వచ్చినా ఒకటే, అది సుఖం. కానీ గిన్నెలు గాలి పెరిగితే చప్పున వేగం అందుకుంటాయి, తగ్గితే అంత చప్పున నెమ్మదించవు. విసురుగాలిలో సగటు కాస్త ఎక్కువ చూపిస్తుంది. శబ్ద తరంగాలతో కొలిచేవాటిలో కదిలే భాగమే ఉండదు, కానీ ధర ఎక్కువ, సెన్సర్ల మీద నీళ్ళు నిలిస్తే లెక్క తప్పవచ్చు. నేనైతే చిన్న ఫ్యాను తిరిగే రకమే కొంటాను. కెస్ట్రెల్‌లో ఆ ఫ్యాను అంగుళం వెడల్పు ఉంటుంది. దుమ్ము పట్టినా వడగల్లు తగిలినా మనమే ఊడదీసి కొత్తది బిగించుకోవచ్చు. దాని లోపం ఒక్కటే, గాలికి ఎదురుగా పట్టాలి. పక్కకు తిరిగినకొద్దీ తక్కువ చూపిస్తుంది.

ఆ లోపానికి మందు ఉంది, నా ఉత్తరమంతా దాని కోసమే. కెస్ట్రెల్ 5500 లాంటి మోడళ్ళకు గాలి వాటాన్ని బట్టి తిరిగే తోక ఒకటి విడిగా దొరుకుతుంది. ట్రైపాడ్ మీద ఆ తోకతో నిలబెడితే మీటరు తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతుంది, దిశనూ వేగాన్నీ టైముతో సహా రాసుకుంటుంది. నువ్వు కారు అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చోవచ్చు. చౌక మీటర్లలో ఈ రాసుకునే గుణం ఉండదు. అంకె చూడాలంటే బయట నిలబడి చెయ్యి చాచాలి. మైదానంలో నువ్వే ఎత్తైన వస్తువువి, పిడుగుకు వాన మొదలవ్వాలన్న నియమం లేదు. కాబట్టి చేతి మీటరే అయినా చేత్తో పట్టుకోనక్కర్లేనిది కొను. ధర మూడింతలైనా సరే.

ట్రైపాడ్ కింద ఇసుక సంచి కట్టు. కారుకు కనీసం పదిహేను మీటర్ల దూరంలో పెట్టు, అడ్డంకి ఎత్తుకు పది రెట్ల దూరం ఉండాలన్నది గాలి కొలిచే మా వృత్తిలో పాత నియమం. ఇంకో సంగతి: లెక్కల్లోకి వచ్చే గాలి పది మీటర్ల ఎత్తుది. నీది రెండు మీటర్లది. చదునైన గడ్డి నేల మీద కూడా నీ అంకె ఐదో వంతో నాలుగో వంతో తక్కువ ఉంటుంది. దాన్ని పెంచి రాయకు. ఉన్నదున్నట్టు రాసి, పక్కన ఎత్తు రాయి. ఒక్లహోమా మెసోనెట్ అనే వాతావరణ కేంద్రాల వ్యవస్థకు రాష్ట్రమంతా దాదాపు 120 కేంద్రాలున్నాయి, ప్రతి కౌంటీలో కనీసం ఒకటి. ఐదు నిమిషాలకోసారి వివరాలు వస్తాయి. మామూలు గాలి రోజున ఒక కేంద్రానికి దగ్గర్లో, కంచె బయట నీ మీటరు నిలబెట్టి రెండు అంకెలూ పోల్చు. నీ పరికరం ఎంత తేడా చూపిస్తుందో సీజన్ ముందే తెలిసిపోతుంది.

టోర్నడోలను వెంటాడి కొలిచిన టిమ్ సమారస్ గురించి మీ క్లాసులో వినే ఉంటావు. పరికరాన్ని దారిలో పెట్టి తాను తప్పుకోవడమే ఆయన పద్ధతి. 2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర ఆయన పెట్టిన పరికరం 100 మిల్లీబార్ల పీడనం పడిపోవడాన్ని నమోదు చేసింది. అంత జాగ్రత్తపరుడు 2013 మే 31న ఒక్లహోమాలో ఎల్ రెనో దగ్గర టోర్నడోలో కొడుకు పాల్‌తో, సహచరుడు కార్ల్ యంగ్‌తో సహా ప్రాణాలు కోల్పోయాడు. ఆ టోర్నడో వెడల్పు 2.6 మైళ్ళకు పెరిగింది. కాబట్టి ట్రైపాడ్ తీసుకురావడానికి వ్యవధి లేదనిపిస్తే వదిలేసి వచ్చెయ్యి. మీటరు పోతే ఇంకోటి కొనిస్తాను.

బ్యాటరీ అక్కర్లేని డ్వయర్ గొట్టం మీటరు ఒకటి అదనంగా కారులో ఉంచుకో. లోపలి తెల్ల బంతి లేచిన ఎత్తే వేగం. అడవి మంటలు ఆర్పేవాళ్ళు వాడతారు, 66 మైళ్ళ దాకా చూపిస్తుంది.

మీటరు, తోక, ట్రైపాడ్ మూడింటి ధరా కలిపి రాయి. డబ్బు నేను పంపుతాను, మీ అమ్మతో నేనే మాట్లాడతాను.

మీ మామయ్య