చెయ్యెత్తితే లేచే నీళ్లు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తే ఓర్లాండో చూపించకుండా వాళ్లు మనల్ని వెనక్కి పంపరు. అక్కడి డిస్నీ వరల్డ్‌లో మన వయసు వాళ్లకు సగం రైడ్లు పడవు. నడుం నొప్పో, బీపీయో, కళ్లు తిరగడమో, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. మనవల్ని రైడ్ ఎక్కించి, సంచులు పట్టుకుని బెంచీ మీద కూర్చోవడమే మనకు మిగిలే పని. అలా కాకుండా పసిపిల్లలూ మనమూ చేతులు పట్టుకుని ఒకే దారిలో తిరిగే చోటు అక్కడ ఒకటుంది. ఎప్‌కాట్ పార్కులో 2023 అక్టోబర్ 16న తెరిచిన ‘జర్నీ ఆఫ్ వాటర్’. 2016లో వచ్చిన ‘మోవానా’ సినిమా ఆధారంగా కట్టారు. కుర్చీ, బెల్టు, ఎత్తు కొలిచే కర్ర ఏవీ ఉండవు. రాళ్లు, చెట్ల మధ్య మెలికలు తిరిగే కాలిబాట, దానికి అటూ ఇటూ నీళ్లు.

హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ నల్లబల్ల మీద నీటి చక్రం గీస్తూనే ఉన్నాను. కొండ, మబ్బు, నది, సముద్రం, వాటి మధ్య బాణం గుర్తులు. ఆ బొమ్మలోకి దిగి నడిచిన అనుభవం మాత్రం నాకు ఇక్కడే కలిగింది. మనవరాలితో అక్కడ తిరిగాక నాకు తెలిసివచ్చినవి, మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

1. అల్లుళ్లూ కొడుకులూ ఫోన్లో టైము చూసుకుంటూ “పదండి, ఇక్కడేముంది, పది నిమిషాల పని” అంటారు. వాళ్లను ముందు వెళ్లమనండి. ఆగకుండా నడిస్తే నిజంగానే పది నిమిషాల్లో బయటపడతారు, కానీ చూసిందేమీ ఉండదు. ఇది మనం ఆగితేనే ఆడుతుంది. ఎక్కడ ఆగాలో పసిపిల్లకు మనకంటే బాగా తెలుసు, దాన్ని ముందు నడవనిచ్చి మనం వెనక ఉంటే చాలు.

2. చెయ్యి పెట్టండి. పెద్దవాళ్లం ఎవరైనా చూస్తారేమోనని చేతులు కట్టుకుని నిలబడతాం. ఒకచోట నీళ్లు పైనుంచి సన్నని తీగల్లా దిగుతుంటాయి, వీణ మీటినట్టు వేలు అడ్డం పెడితే స్వరం పలుకుతుంది. ఇంకోచోట చెయ్యెత్తితే ఎదురుగా నీళ్లు లేస్తాయి, దించితే దిగుతాయి. మా మనవరాలు కాసేపు ఎత్తుతూ దించుతూ ఆడి, ఉన్నట్టుండి చేతులు వెనక్కి దాచుకుంది. నీళ్లు కదల్లేదు. “అమ్మమ్మా, నీళ్లకి నేను కనిపిస్తున్నానా?” అంది. చెయ్యి ఎక్కడుందో పసిగట్టే సెన్సర్లుంటాయని చెప్పాను. విన్నది, తలూపింది. అయినా వెళ్లేటప్పుడు నీళ్లకు టాటా చెప్పే వచ్చింది. సెన్సరు సంగతీ తెలియాలి, నీళ్లను పలకరించడమూ ఉండాలి. సినిమాలో సముద్రం పసి మోవానాతో ఆడుకున్న ఘట్టం పిల్లల మనసులో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వాళ్లకు ఈ రెండూ కలిసే వస్తాయి.

3. తల మీదుగా ఇవతలి నుంచి అవతలికి దూకే నీటిధారను పరిశీలనగా చూడండి. గాజు కడ్డీలా నున్నగా ఉంటుంది, తుంపర రాలదు. నీళ్లను గొట్టంలోంచి నేరుగా చిమ్మితే లోపల సుడులు తిరిగి చెదిరిపోతాయి. అదే సన్నని గొట్టాల కట్టల్లోంచి, జాలీల్లోంచి పంపి సుడులన్నీ అణిచి వదిలితే ప్రతి పొరా పక్క పొరతో సమానంగా సాగి, ధార విరగకుండా దూకుతుంది. ఈ విద్య ఎప్‌కాట్‌కు పాతదే. 1982లో పార్కు తెరిచిన రోజుల్లోనే ఇక్కడ గెంతే ఫౌంటెన్లు పెట్టారు. వాటి మీద పనిచేసిన మార్క్ ఫుల్లర్ 1983లో ‘వెట్’ అనే కంపెనీ మొదలుపెట్టిన వాళ్లలో ఒకడు. లాస్ వేగస్‌లో బెల్లాజియో ముందున్న ఫౌంటెన్లు, మన వాళ్లంతా ఫొటోలు దిగే దుబాయ్ ఫౌంటెన్ ఆ కంపెనీ చేసినవే. ఇంజినీరింగ్ చదువుతున్న మనవడు వెంట ఉంటే ఇక్కడ వాడి చేత చెప్పించుకోండి, వాడికీ సంతోషం.

4. చీర కట్టుకునే వాళ్లు కొంగు నడుముకు దోపండి, కుచ్చిళ్లు ఒక అంగుళం పైకి కట్టండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. ఫోనుకు ప్లాస్టిక్ కవరు, పిల్లకు ఒక జత పొడి బట్టలు, చిన్న తువ్వాలు. తడవకూడదనుకుంటే తప్పుకునే వీలుంది, పిల్లలకు ఆ ఉద్దేశం ఉండదు. చక్రాల కుర్చీతోనే మొత్తం దారి తిరగవచ్చు. కాబట్టి మోకాళ్ల నొప్పులున్న వాళ్లు బయట ఆగిపోకండి. కుర్చీలో కూర్చునే నీటి తీగలు మీటుతున్న ఒక పెద్దాయన్ని చూశాను, ఆయన వెనక పిల్లలు వరస కట్టి నిలబడ్డారు.

5. ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్న సంగతి. ఆకాశం నుంచి పడ్డ నీరు వాగై, నదై, సముద్రంలో కలిసి మళ్లీ ఆకాశానికి వెళ్లే వరుసలో ఆ బాట కట్టారు. బోర్డుల మీద ఆ కథ చిన్న మాటల్లో ఉంటుంది, చదివి పిల్లలకు తెలుగులో చెప్పండి. అక్కడితో ఆపొద్దు. మీరు నిలబడ్డ నేలకు కూడా అలాంటి కథే ఉంది, అదీ చెప్పండి.

డిస్నీ వరల్డ్ ఉన్న భూమి మీదుగా రీడీ క్రీక్ అనే వాగు పారుతుంది. అది దక్షిణంగా వెళ్లి చెరువుల గొలుసులో కలుస్తుంది. ఆ చెరువుల నుంచి కిసిమ్మీ నది బయల్దేరి ఓకీచోబీ అనే పెద్ద సరస్సు చేరుతుంది. అనాదిగా ఆ సరస్సు పొంగి దక్షిణానికి పరుచుకున్న నీరే ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలను బతికించింది.

ఆ కిసిమ్మీ నది ఒకప్పుడు 166 కిలోమీటర్ల పొడవున వంకలు తిరుగుతూ పారేది. 1947 నాటి తుపానులు, వరదల తర్వాత ముంపు తప్పించాలని 1962 నుంచి 1971 దాకా తవ్వి, దాన్ని 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా మార్చేశారు. వరద త్వరగా దిగిపోయింది. దాంతోపాటే చిత్తడి నేలలు ఎండాయి, నీటిపక్షులు చాలావరకు వెళ్లిపోయాయి. తర్వాత ఆ తిన్నని కాలువలో 35 కిలోమీటర్ల మేర మట్టి పోసి పూడ్చి, నదికి పాత వంకలు మళ్లీ ఇచ్చారు. 1999లో మొదలైన ఆ పని 2021లో ముగిసింది. కొంగలు, బాతులు తిరిగి వచ్చాయి. బొమ్మ గీసేటప్పుడు నదిని వంకరగానే ఎందుకు గీయాలని నా క్లాసులో పిల్లలు అడిగేవారు. అప్పుడు ఈ కిసిమ్మీ సంగతి నాకు తెలిసుంటే ఒక పీరియడ్ మొత్తం దీనికే ఇచ్చేదాన్ని.

6. వేసవిలో వెళ్తే పొద్దున్నే వెళ్లండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఫ్లోరిడా నడిమి భాగంలో మధ్యాహ్నాలు తరచూ ఉరుములు. ద్వీపకల్పానికి తూర్పున అట్లాంటిక్ నుంచి ఒక సముద్రపు గాలి, పడమట మెక్సికో సింధుశాఖ నుంచి మరొకటి లోపలికి వీచి మధ్యలో ఢీకొంటాయి, తేమ గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. మెరుపులుంటే ఆరుబయటి ఆటలన్నీ ఆపేస్తారు. అప్పుడు విసుక్కోకుండా ఏదైనా చూరు కింద చేరి పిల్లలకు ఆ మబ్బును చూపించండి. బాటలో చూసిన ఆకాశం ఘట్టమే అది. చీకటి పడ్డాక లైట్లలో నీళ్లు ఇంకా బాగుంటాయి, కానీ నేల తడిదో పొడిదో మన కళ్లకు సరిగా ఆనదు, ఎవరి చెయ్యైనా పట్టుకుని నడవండి.

7. టె ఫిటి అమ్మవారి బొమ్మ ముందు కాసేపు నిలబడండి. పదహారు అడుగుల ఎత్తు, ఆకులూ పచ్చదనమూ నిండిన రూపం. సినిమాలో దీవులకు ప్రాణం పోసే దేవత ఆమె. ఈ కథను పసిఫిక్ దీవుల పాలినేషియన్ జనం చుట్టూ అల్లారు. నక్షత్రాలు, అలలు, పక్షుల జాడ చూసుకుంటూ మహాసముద్రం దాటిన వాళ్లు. ఆ విద్య కట్టుకథ అనుకున్న వాళ్లకు 1976లో ‘హోకులేఆ’ అనే జంట పడవ జవాబు చెప్పింది. దిక్సూచి లేకుండా హవాయి నుంచి తహితి చేరింది. దారి చూపించినవాడు మైక్రోనేషియాలోని సతవాల్ దీవికి చెందిన మావ్ పియాయిలుగ్. పిల్లలు బొమ్మ దగ్గర ఫొటోలు దిగుతుంటే ఈయన పేరు వాళ్ల చెవిన వేయండి.

8. తాగడానికి ఆ నీళ్లు కావు. చిన్నపిల్లలు నోరు తెరుస్తారు, కనిపెట్టి ఉండండి.

9. ఇంకో రోజు ఖాళీ ఉంటే పిల్లల్ని వెకైవా స్ప్రింగ్స్ స్టేట్ పార్కుకు తీసుకెళ్లమనండి, ఓర్లాండోకు దగ్గరే. సున్నపురాతి నేల కింద నిండి ఉన్న నీరు అక్కడ ఊటగా పైకి వస్తుంది. ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా 22 డిగ్రీలే. ఆ చుట్టుపక్కల ఊళ్లు తాగేది కూడా ఆ భూగర్భ జలమే. మన బాణం గుర్తుల బొమ్మలో నేలలోకి ఇంకే బాణం ఒకటి ఉంటుంది చూడండి, అది ఎక్కడ తేలుతుందో పిల్లలు అక్కడ కాళ్లు పెట్టి తెలుసుకోవచ్చు. శని, ఆదివారాల్లో జనం నిండితే గేటు మూసేస్తారు, పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడ ఉండేలా బయల్దేరండి.