కట్టిన డబ్బు కడుపులో వెతకొద్దు

సెలవుల ముందు హైదరాబాద్‌లో బోరబండ, మోతీనగర్ రోడ్ల మీద టూర్ల ఫ్లెక్సీలు వేలాడతాయి. అరకు, కేరళ, గోవా. రేటు పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కిందే 'భోజనాలతో కలిపి' అని ఉంటుంది. పైన జూబ్లీహిల్స్ బంగళాల వాళ్లకు ఆ రెండో మాటతో పెద్ద పని ఉండకపోవచ్చు. చిట్టీ పాడిన డబ్బుతో రెండేళ్లకోసారి ఊరు దాటే ఇంటికి మాత్రం అదే కొండంత ధైర్యం. అక్కడ పూటపూటకీ పర్సు తీసి లెక్క చూసుకోనక్కర్లేదు, తిండి ఖర్చు ఇంటి దగ్గరే తేలిపోయింది.

కాబట్టి హోటల్ డైనింగ్ హాల్లో పిల్లాడు రెండో పూరీ దగ్గర ఆగిపోతే "తినురా, పైసలు కట్టినం గదా" అని నాన్న అనడంలో వింతేమీ లేదు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని మనలో ఒక వెక్కిరింత ఉంది గానీ, ఇది ఊరికే వచ్చిన తిండి కాదు. ఓవర్‌టైమ్ చేసి, చీటీలు కట్టి కూడబెట్టిన డబ్బు. ఆ బాధ అర్థం చేసుకుంటూనే ఒక్క మాట చెప్పాలని ఉంది: ఆ డబ్బు అడ్వాన్సు కట్టిన రోజే ఖర్చైపోయింది. పిల్లలు ఇంకో పూరీ తిన్నా తిరిగి రాదు, తినకపోయినా కొత్తగా పోదు.

తెలిసినా మనసు ఒప్పుకోదు. ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదు. హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1985లో ఒక ప్రయోగం ప్రచురించారు. యూనివర్సిటీ నాటకశాలలో సీజన్ టికెట్లు కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. పూర్తి ధర పెట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా కరిగిపోయింది. టూర్లో మొదటి రోజు లంచ్ గుర్తుచేసుకోండి. బిర్యానీ, నూడుల్స్, పనీర్, రెండు రకాల చికెన్, పక్కనే ఐస్‌క్రీమ్ కరుగుతూ, అన్నీ ఒకే పళ్లెంలో. మూడో రోజుకి అదే కుటుంబం పెరుగన్నం ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. కట్టిన డబ్బు గురించిన దిగులంతా మొదటి పూట మీదే పడుతుంది. జాగ్రత్తపడాల్సింది కూడా ఆ పూటే.

హోటల్ వైపు లెక్క కూడా కాస్త తెలిస్తే మనసు కుదుటపడుతుంది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు షూటింగులకు వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లకిది చెప్పక్కర్లేదు. ఇవాళ యూనిట్‌లో ఎంతమంది అని ప్రొడక్షన్ వాళ్లు తలలు లెక్కపెట్టి భోజనాలు చెప్పినట్టే, హోటల్ చెఫ్ కూడా తలల లెక్కతో వండుతాడు. ఒకరు ఎక్కువ తింటారు, ఒకరు తక్కువ తింటారు. అదంతా సగటు కట్టే మనిషికింతని రేటు వేస్తారు. మీ అబ్బాయి రెండు గులాబ్‌జామూన్లు అదనంగా తిన్నంత మాత్రాన హోటలు మునగదు. కాబట్టి 'పైసా వసూల్' అనే ఆట అక్కడ ఆడినా గెలిచేదేమీ లేదు.

అసలు జాగ్రత్త ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే ఉంది. ఏజెంటు ఇచ్చే కాగితంలో కొన్ని పొడి అక్షరాలుంటాయి. గది ఒక్కటే అయితే ఈపీ. పొద్దున టిఫిన్‌తో కలిపితే సీపీ. టిఫిన్‌తో పాటు ఇంకొక పూట భోజనం ఉంటే ఎంఏపీ. మూడు పూటలూ ఉంటే ఏపీ, అంటే అమెరికన్ ప్లాను, మన పక్క రాష్ట్రం కాదు. "కొంచెం ఎక్కువిస్తే మూడు పూటలూ వచ్చేస్తాయి సార్" అంటే చాలామంది అక్కడే ఒప్పేసుకుంటారు. నన్నడిగితే, చిన్నపిల్లలున్న ఇంటికి చాలా ఊళ్లలో సీపీ చాలు.

అరకునే తీసుకోండి. విశాఖ నుంచి ఘాట్ రోడ్డు మీద నూటపది, నూటపదిహేను కిలోమీటర్లు. దారిలో అనంతగిరి, బొర్రా గుహలు. రోడ్డు పక్కన వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్. అరకు వెళ్లి అది తినకుండా వచ్చినవాళ్లను ఇంటికొచ్చాక చుట్టాలు ఊరుకోరు. మూడు పూటలూ ముందే కట్టేసినవాళ్ల రోజు ఎలా ఉంటుందంటే, బొర్రా దగ్గర పిల్లలు ఇంకాసేపు ఉంటామని ఏడుస్తుంటే, లంచ్ టైమ్ అయిపోతుందని గుహల మెట్లు గబగబా ఎక్కించి హోటల్‌కి పరుగెత్తాలి. అక్కడికెళ్తే హైదరాబాద్‌లో దొరికే పనీర్ బటర్ మసాలాయే. దారిలో బొంగు చికెన్ తింటే హోటల్ భోజనం దండగ, తినకపోతే అరకు వచ్చినదే దండగ. చాలామంది రెండూ తింటారు.

పొద్దున బఫే తిన్నాక ఎక్కేదీ ఆ ఘాట్ రోడ్డే. పొట్ట నిండా పూరీ కూర, కేకు ముక్క, చల్లటి జ్యూసు పెట్టుకుని ఆ మలుపుల్లో వెనక సీట్లో కూర్చున్న ఏడేళ్ల పిల్ల సంగతి తల్లికే తెలుసు. డ్రైవర్ బండి ఆపడం, నీళ్లు, కవర్లు, నిమ్మకాయ. పిల్లకి ప్రయాణాలు పడవు అని ఆ రోజు నుంచి ఇంట్లో ఒక ముద్ర పడుతుంది. నిజానికి ఆ పొద్దున ఒక పూరీ తక్కువ తిని ఉంటే బాగానే ఉండేదేమో!

పిల్లల కడుపుకి తన లెక్క తనకుంటుంది. పెన్సిల్వేనియాలో బార్బరా రోల్స్, లియాన్ బర్చ్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో మూడేళ్ల పిల్లల ముందు ఎంత పెట్టినా ఇంచుమించు ఒకేలా తిన్నారు. అయిదేళ్ల పిల్లలు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారు. అంటే కడుపు మాట వినే పిల్లలు పళ్లెం మాట వినడం మధ్యలో ఎక్కడో నేర్చుకుంటున్నారు. నేర్పేది ఎవరన్నది ఇంట్లో వాళ్లే ఆలోచించుకోవాలి. పిల్లల పోషకాహారం మీద పనిచేసిన ఎలిన్ శాటర్ ఈ పనిని రెండు భాగాలు చేసింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని. ఎంత తినాలన్నది పిల్లల పని. ఇంట్లో ఇది కాస్తోకూస్తో జరుగుతుంది. బఫేలో తిరగబడుతుంది: ఏం తినాలో పిల్లలు ఎంచుకుంటారు, ఎంత తినాలో మనం చెబుతాం.

ఇక్కడే మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. పళ్లెంలో మెతుకు వదలకూడదని మనల్ని పెంచారు. మంచి పెంపకమే. కానీ బఫేలో ఆ మాట పిల్లల మీద అంత కఠినంగా పెడితే, కళ్లాశతో వడ్డించుకున్నదంతా బలవంతంగా మింగుతారు. వదిలేయమంటే పారేయడం అలవాటవుతుంది. అతిగా తినడం, పారేయడం రెండూ పుట్టేది గరిటె దగ్గరే. పళ్లెం నిండాక ఏ మాట చెప్పినా ఆలస్యమే.

ఈ చిక్కు విప్పడానికి చాలా ఇళ్లలో దొరికిన దారి అమ్మ. పిల్లలు కొరికి వదిలిన పిజ్జా ముక్క, సగం తిన్న దోశ, కలిపి వదిలేసిన అన్నం, అన్నీ అమ్మ పళ్లెంలోకి వస్తాయి. ఆవిడ తనకిష్టమైనది వడ్డించుకోవడానికి లేచేసరికి కడుపు నిండిపోయి ఉంటుంది. వంటింటి నుంచి నాలుగు రోజులు సెలవు దొరుకుతుందనే కదా ప్యాకేజీ తీసుకుంది! ఆ సెలవులోనూ ఆవిడకి దక్కింది ఎంగిలేనంటే, అది చాలా చెడ్డ బేరం. నాన్నలు ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

మరి గరిటె దగ్గర ఏం చేయాలి? ముందు చేతిలో పళ్లెం లేకుండా పిల్లల్ని ఒక చుట్టు తిప్పండి. మూతలన్నీ తీసి చూపించండి. "రెండు రకాలు ఎంచుకో, బాగుంటే మళ్లీ వద్దాం" అనండి. ఆ 'మళ్లీ వద్దాం' అన్నది ముఖ్యం. ఇప్పుడు తీసుకోకపోతే అయిపోతుందేమోనన్న భయమే పళ్లెం నింపేది. తర్వాత, పెద్ద పళ్లెం కాకుండా స్వీట్లకోసం పెట్టే చిన్న ప్లేటు ఇవ్వండి. నార్వేలో హోటళ్లలో పళ్లేల సైజు తగ్గించి చూస్తే మిగిలిపోయే తిండి దాదాపు అయిదో వంతు తగ్గిందని 2013లో ప్రచురించారు. మళ్లీ మళ్లీ వచ్చి వడ్డించుకోండి అని బోర్డు పెట్టినచోటా అంతే తగ్గింది. అతిథుల సంతృప్తి మాత్రం తగ్గలేదు.

ఇంకా నచ్చిన సంగతి స్లొవేనియాది. అక్కడ ఒక హోటల్లో పిల్లలున్న కుటుంబాలకు చిన్న పుస్తకం ఇచ్చారు. పళ్లెం ఖాళీ చేసి లేచిన పూటకి ఒక స్టాంపు. స్టాంపులు నిండితే పిల్లలకు చిన్న బహుమతి. సారా డోల్నికార్ బృందం 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం పళ్లేల్లో వదిలేసింది 34 శాతం తగ్గింది. హోటల్ వాళ్లు పెట్టకపోయినా ఈ ఆట మీరే పెట్టొచ్చు. ఒక చిన్న మార్పు మాత్రం చేయండి. పళ్లెం ఊడ్చి తిన్నందుకు కాకుండా, కొంచెమే పెట్టుకున్నందుకు స్టాంపు ఇవ్వండి. లేకపోతే స్టాంపు కోసం కుక్కుకుంటారు.

పిల్లలకు 'చాలు' అనడం కూడా రావాలి. బంతి భోజనాల్లో పెరిగినవాళ్లకు ఇది చెయ్యి అడ్డంపెట్టడంతోనే వచ్చేసింది. వడ్డించేవాళ్లు కొసరి కొసరి వేస్తుంటే విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టేవాళ్లు. బఫేలో అడ్డం పెట్టడానికి ఎదురుగా మనిషే ఉండడు. జూబ్లీహిల్స్‌లో బల్ల మీదే బొగ్గుల పొయ్యి పెట్టే రెస్టారెంట్లలో ఒక చిన్న జెండా ఉంటుంది. అది నిలబెట్టి ఉన్నంతసేపూ కబాబు చువ్వలు వస్తూనే ఉంటాయి. దించితే ఆపుతారు. ఆ జెండా కోసం పిల్లలు కొట్టుకుంటారు, నిలబెట్టడానికి. పుట్టినరోజుకి అలాంటిచోటికి వెళ్తే, దించే పని చిన్నవాడికి అప్పజెప్పండి. వాడు ఎప్పుడు దించితే అప్పుడే అందరూ ఆపాలి. మొదటిసారి మీకు ఇంకా ఆకలి ఉండగానే దించేస్తాడు. ఓర్చుకోండి.

పొద్దున బఫే నుంచి ఉడికిన గుడ్లు, అరటిపళ్లు టిష్యూలో చుట్టి బ్యాగులో వేసుకునే సంగతి కూడా చెప్పాలి. లంచ్ ఖర్చు కలిసొస్తుందని చాలామంది చేస్తారు. పక్కన పిల్లలు చూస్తుంటారు, అమ్మ అటూ ఇటూ చూసి జిప్పు వేయడంతో సహా. గుడ్డు ధర కంటే ఆ చూపు ఖరీదెక్కువ. తెల్లవారుజామున విశాఖలో అరకు రైలు ఎక్కాల్సి ఉంటే ముందురోజు రాత్రే రిసెప్షన్‌లో చెప్పండి, టిఫిన్ కట్టివ్వమని. చాలా హోటళ్లు డబ్బాలో పెట్టి ఇస్తాయి. అడిగి తీసుకున్నదానికి దాపరికం అక్కర్లేదు.

"ఎలాగూ మిగిలింది వాళ్లు పారేసేదే కదా" అని కొందరంటారు. ట్రేలో మిగిలినదీ పళ్లెంలో మిగిలినదీ ఒకటి కాదు. ముట్టని వంటను రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి స్వచ్ఛంద బృందాలు తీసుకెళ్లి ఆకలిగా ఉన్నవాళ్లకు చేరుస్తాయి. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి ఆహార భద్రతా సంస్థ 2019లో నిబంధనలు కూడా తెచ్చింది. మీ పళ్లెంలో కలిపిన అన్నం మాత్రం ఎవరికీ పెట్టలేరు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల, 63 కోట్ల టన్నులు ఇళ్లలో. నేరమంతా హోటళ్ల మీదికి తోసేయడానికి లేదు.

చివరగా, కట్టిన పూట మానేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. రోజంతా బీచ్‌లో ఆడి పిల్లలు ఏడున్నరకే పడుకుంటే, డిన్నర్ ఉందని లేపి, కళ్లు నులుముకుంటుండగా లిఫ్టులో దింపకండి. గదికి గ్లాసు పాలో, పెరుగన్నమో పంపుతారా, దానికి వేరే డబ్బు తీసుకుంటారా అన్నది చెక్-ఇన్ అప్పుడే కనుక్కోండి. ఒక పూట మానేస్తే దాని బదులు ఇంకోటేమైనా ఇస్తారా అని కూడా అడగండి. కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. ఇవ్వకపోతే ఇవ్వకపోయారు, పిల్లల్ని పడుకోనివ్వండి.