ముక్కుసూటితనం – నోటిదురుసు

తెలుగులో 'గయ్యాళి' అనే మాట ఉంది. దానికి పుంలింగంలో జంట లేదు. కఠినంగా మాట్లాడే స్త్రీని ఒక్క పదంతో ముద్ర వేయడానికి భాష సిద్ధంగా ఉంటుంది గాని, అదే స్వభావం గల పురుషుని విషయంలో తడుముకుంటుంది. తడుముకొని చివరకు 'ముక్కుసూటి మనిషి' అనో, 'నిక్కచ్చి మనిషి' అనో, 'ఉన్నమాట మొగం మీదనే అంటాడు' అనో మెచ్చుకోలు మాటలే వెతికి తెస్తుంది. 'నోరుగలవాడిదే రాజ్యం' అనే సామెతలో నోరు ఒక అర్హత. 'నోరుగలది' అన్నప్పుడు అదే నోరు నింద. అవమానాన్ని సహించక ఎదురు నిలిచే గుణానికి మనవారు 'పౌరుషం' అని పేరు పెట్టారు. అది పురుష శబ్దం నుండి పుట్టినదని వేరుగా చెప్పనక్కరలేదు. పెన్న ఒడ్డునున్న చెన్నూరులో గాని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అంగళ్ల ముందు గాని ఒక పూట నిలబడి చెవియొగ్గి వింటే ఈ రెండు కొలతలూ పక్కపక్కనే వినిపిస్తాయి. సామాన్య స్త్రీకే ఇలా ఉంటే, నలుగురికీ తెలిసిన స్త్రీ పరుషమైన మాటకు పరుషంగా బదులిచ్చినప్పుడు లోకం ఎలా తీర్పు చెబుతుందో పరిశీలించడం ఈ పాఠానికి విషయం.

ఈ రెండు కొలతలు నిన్న మొన్నటివి కావు. వ్యాసభారతం వనపర్వంలో ద్రౌపది, భీముడు ఒకరి తరువాత ఒకరు ధర్మరాజును నిలదీస్తారు. నిండుసభలో అవమానం పొందినది ద్రౌపది. ఓర్పు పేరుతో ఊరకుండడం రాజధర్మమా అని ఆమె అడుగుతుంది, ధర్మాత్ములకు కష్టాలు, పాపులకు సుఖాలు పంచే విధాతను సైతం తప్పుపడుతుంది. ఆమె మాట సొగసుగా ఉన్నదంటూనే, అది నాస్తికుల మాటలా ఉన్నదని ధర్మరాజు మందలిస్తాడు. ఆమె తగ్గి, ధర్మాన్ని నిందించడం తన ఉద్దేశం కాదనీ, దుఃఖంతో అన్న మాటలనీ సర్దిచెప్పుకోవలసి వస్తుంది. ఆపైన భీముడు అందుకొని అన్నగారి ధర్మచింతనే ఈ అనర్థానికి మూలమని ములుకుల వంటి మాటలతో పొడుస్తాడు. అతనికి దొరికిన జవాబు వేరు. నీ మాటలు నన్ను నొప్పించినా నిన్ను తప్పుపట్టను, నా దోషం వల్లనే మీకీ కష్టం వచ్చింది అంటాడు ధర్మరాజు. ద్రౌపది దైవం జోలికి పోయింది, భీముడు పోలేదు అని సమాధానం చెప్పే పండితులున్నారు. ఆ భేదం ఉన్న మాట నిజమే. అయినా అవమానం జరిగింది ఎవరికో, సంజాయిషీ చెప్పుకున్నది ఎవరో ఒకసారి గమనించండి.

మన కడప జిల్లాకు వద్దాం. బద్వేలు దగ్గరి గోపవరం మొల్ల ఊరని మన ప్రాంతంవారి నమ్మకం. ఆమె రామాయణంకంటె జనం నోట ఎక్కువగా నలిగినది ఆమెను గురించిన ఒక కట్టుకథ. మొల్ల ఒక కోడిపెట్టను, కుక్కపిల్లను తీసుకొని సంతనుండి వస్తూ ఉండగా తెనాలి రామకృష్ణుడు ఎదురై, వెలకు ఇస్తావా అని శ్లేషతో కూడిన వెకిలి ప్రశ్న వేశాడట. ఆమె 'నేను నీకు అమ్మను' అన్నదట. వెల కట్టి ఇవ్వనని ఒక అర్థం, నీకు తల్లిని అని మరొక అర్థం. ఈ కథకు చారిత్రకాధారం లేదు. కాని ఒక సమాజం ఏ కథను దాచుకుంటుందో చూస్తే ఆ సమాజం మనసు తెలుస్తుంది. ఇందులో రామకృష్ణుని వెకిలితనానికి 'చమత్కారం' అని పేరు. మొల్ల జవాబు అందరికీ నచ్చడానికి కారణం అందులోని శ్లేష మాత్రమే కాదు. నడిబజారులో తనను అవమానించినవానిని ఆమె ఒక్క మాట అనకుండా, అతనికి తల్లి అయి క్షమించింది. ఆమె అతనిని తిట్టి ఉంటే ఈ కథ మనదాకా వచ్చేదా?

కట్టుకథను విడిచి చరిత్రలోకి వస్తే మనకు మరింత గట్టి నిదర్శనం దొరుకుతుంది. తంజావూరును 1739 నుండి 1763 వరకు ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే విదుషి 'రాధికాసాంత్వనము' అనే శృంగారప్రబంధం రచించింది. తన పాండిత్యాన్ని గురించీ, తన వంశంలోని స్త్రీలను గురించీ ఆమె పీఠికలో ఏమాత్రం సంకోచం లేకుండా చెప్పుకుంది. సుమారు నూటయాభై ఏళ్ల తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'ఆంధ్రకవుల చరిత్ర'లో ఆమె ప్రస్తావన తెచ్చారు. కవిత్వం మృదుమధురమని ఒప్పుకొంటూనే, ఆమె కులవృత్తిని ఎత్తిచూపి, స్త్రీకి సహజమైన సిగ్గును విడిచి, ఆడవారు వినరాని మాటలు వ్రాసిందని తీవ్రంగా నిందించారు. ముద్దుపళని అప్పటికి లేదు. జవాబు చెప్పవలసినవారు మరొకరు కావలసి వచ్చింది.

ఆమె బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో నంజనగూడులో జన్మించి, మదరాసులో సంగీత విద్వాంసురాలిగా ప్రఖ్యాతి పొందిన నాగరత్నమ్మగారు సంస్కృతాంధ్ర కన్నడ భాషలు చదువుకున్నారు. రాధికాసాంత్వనానికి అంతకుముందు 1887లో పైడిపాటి వెంకటనరసుగారి ముద్రణ ఒకటి ఉంది. ఆయన, కడపలో బంగళా కొని వ్రాతప్రతులు పోగుచేయించిన బ్రౌను దొరకు సహచరుడు. ఆ ముద్రణలో పీఠికాపద్యాలు, మరికొన్ని పద్యాలు లేవని నాగరత్నమ్మగారు గుర్తించారు. వ్రాతప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రంగా ముద్రింపించారు. ఆ గ్రంథానికి వ్రాసిన పీఠికలో పంతులుగారి నిందకు సూటిగా బదులు పలికారు.

ఆ బదులు తర్కబద్ధంగా నడుస్తుంది. సిగ్గు అనేది స్త్రీలకు మాత్రమే విధించిన గుణమా అని ఆమె మొదట అడుగుతారు. ముద్దుపళని వేశ్య గనుక సిగ్గులేక వ్రాసిందంటే, అంతకు మించి పచ్చిగా వ్రాసిన పెద్దమనుషుల మాట ఏమిటి? సారంగు తమ్మయ్యగారి 'వైజయంతీవిలాసము'లో ఇంతకంటె మొరటైన పట్టులున్నాయి గదా, దానిని పరిశీలించి ముద్రణకు అంగీకరించినవారు పంతులుగారే కదా అని ఆమె ఎత్తిపొడిచారు. (విప్రనారాయణ, దేవదేవుల కథ అది. 1954లో చలనచిత్రంగా వచ్చినప్పుడు తెలుగునాట ఇంటిల్లిపాదీ వెళ్లి చూశారు.) ఆమె వాదంలో తిట్టు లేదు. ఉన్నదల్లా ఒక పోలిక. ఒకే వస్తువును తూచడానికి రెండు తూనికరాళ్లు ఎందుకు వాడుతున్నారన్నదే ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానం రాలేదు. బదులుగా, ఒక వేశ్య వ్రాసినదానిని మరొక వేశ్య అచ్చు వేయించిందన్న ఈసడింపు వచ్చింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమన్న నెపంతో ప్రతులను స్వాధీనం చేసుకొని గ్రంథాన్ని నిషేధించింది. పండితులు పలువురు విన్నపాలు చేసుకున్నా ఫలితం లేకపోయింది. వెంకటనరసుగారి ముద్రణపై ఇటువంటి అలజడి రేగినట్లు కనిపించదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్న 1946-47 నాటికి గాని నిషేధం తొలగలేదు. వావిళ్లవారి పునర్ముద్రణ 1952లో వెలువడింది. నాగరత్నమ్మగారు కన్నుమూసిన సంవత్సరమూ అదే.

వీరేశలింగం పంతులుగారిని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినవారు, 1881లో తొలి వితంతు వివాహం జరిపించినవారు ఆయన. అయితే ఆయన ఆయుధం ఏమిటి? పరుషమైన కలం. 'వివేకవర్ధని' పుటలలో లంచగొండి ఉద్యోగులను, దురాచారపరులను ఆయన పేరు పేరునా ఎండగట్టారు. ప్రహసనాలలో వెక్కిరించారు. ఆ పరుషత్వాన్ని మనం 'నిర్భీకత' అని పరీక్షలలో వ్రాస్తాం, వ్రాయడం న్యాయమే. నాగరత్నమ్మగారి పీఠిక అంతకంటె ఎంతో నిదానమైనది. దానికి మాత్రం ఆ పేరు దక్కలేదు. ఇంకొక చిన్న సంగతి. సాహిత్యచరిత్రలు చదివేటప్పుడు క్రియాపదాలను పరిశీలించండి. 'పంతులుగారు విమర్శించారు, నాగరత్నమ్మ ఎదిరించింది' అన్న వాక్యం మీకు తరచుగా తగులుతుంది. వాక్యంలోనే తీర్పు ఉంది.

తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉంటే సొంత సొమ్ముతో మందిరం కట్టించినది కూడా నాగరత్నమ్మగారే. అక్కడి ఆరాధనోత్సవాలలో స్త్రీలు పాడరాదన్నారు. 1927లో ఆమె స్త్రీలనే కూర్చి వేరుగా ఆరాధన జరిపించారు. దీనిని మొండితనమన్నవారూ ఉన్నారు.

ఇక చలనచిత్రరంగం. పులివెందుల ప్రాంతం నుండి మదరాసు చేరి చిత్రసీమను తీర్చిదిద్దిన అన్నదమ్ములు బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డిగార్లు. బి.ఎన్. గారి 'మల్లీశ్వరి' 1951లో వచ్చింది. అందులో కథానాయిక పి. భానుమతిగారు. నటి, గాయని, రచయిత్రి. 1953లో 'చండీరాణి'ని మూడు భాషలలో తామే దర్శకత్వం వహించి తీశారు. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల 'మిస్సమ్మ'లో నాయిక వేషానికి మొదట ఎంపికైనది ఆమెయే. కొంత భాగం చిత్రీకరణ కూడా అయింది. ఒకనాడు ఇంట్లో వరలక్ష్మీవ్రతం కారణంగా ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ పత్రం వ్రాసి ఇవ్వాలని చక్రపాణిగారు పట్టుబట్టారనీ, ఆమె నిరాకరించి వెళ్లిపోయారనీ సినీచరిత్రకారులు చెబుతారు. ఆ వేషం సావిత్రిగారికి దక్కింది. 1955లో విడుదలైన ఆ చిత్రం ఎంత జయప్రదమైనదో మీకు తెలియనిది కాదు.

నిర్మాతకు సమయం విలువైనది. ఆయన కోపగించుకోవడంలో తప్పులేదు. పేరుమోసిన కళాకారిణికి ఆత్మగౌరవం విలువైనది. కాగితం మీద క్షమాపణ వ్రాయననడంలోనూ తప్పులేదు. ఇద్దరూ పట్టు విడవలేదు. కాని తరువాతి కాలంలో ఈ సంఘటనను ఎలా చెప్పుకున్నారు? చక్రపాణిగారి కటువైన మాటలు ఆయన ముక్కుసూటితనానికి ఉదాహరణలుగా, నవ్వుకొనే కథలుగా మిగిలాయి. భానుమతిగారికి మాత్రం 'పొగరుబోతు' అన్న పేరు స్థిరపడింది. మెచ్చుకునేవారు సైతం ఆ మాటతోనే మొదలుపెట్టి, ప్రతిభ ఉన్నది గనుక ఆ పొగరు చెల్లింది అని ముగిస్తారు. పురుషుని ఆత్మాభిమానానికి ఇటువంటి అనుమతిపత్రం అవసరమైనట్లు నేను ఎక్కడా చదవలేదు. ఆనాటి వృత్తాంతంలో పేర్లు తారుమారు చేసి, కథానాయకుడు ఆలస్యంగా వచ్చి క్షమాపణ వ్రాయనన్నాడని చెప్పి చూడండి. వినేవారు వాడే విశేషణం మారిపోతుంది.

ఆ సంస్థవారి 'గుండమ్మకథ' (1962)లో గయ్యాళి పాత్ర ధరించిన సూర్యకాంతంగారి కథ మరొక వింత. బయట ఆమె ఎంతో మెత్తని మనిషి. అయినా ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికే తెలుగువారు జంకారట! కీచకునిగా, ఘటోత్కచునిగా గర్జించిన ఎస్.వి. రంగారావుగారి పేరుకు అటువంటి కష్టం రాలేదు.

స్త్రీ ఇచ్చిన ప్రతి కఠినమైన జవాబూ సమంజసమేనని వాదించడం కూడా పొరపాటే. 2018 సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ టెన్నిస్ అంతిమ పోటీలో సెరెనా విలియమ్స్ అంపైరుతో తీవ్రంగా వాదించి, ఒక గేమును కోల్పోయి, 17,000 డాలర్ల జరిమానా చెల్లించవలసి వచ్చింది. నియమం ప్రకారం అంపైరు చేసినది సరియే అన్నవారు చాలామంది. వారి మాటను కొట్టివేయలేం. కాని 1980 దశకంలో జాన్ మెకన్రో అంపైర్లపై అరిచిన అరుపులను ఆ ఆట చరిత్ర ముద్దుగా దాచుకున్నది. తరువాత ప్రకటనలలో సైతం వాడుకున్నది. నియమం ఇద్దరికీ ఒక్కటే కావచ్చు, జ్ఞాపకం ఒక్కటి కాదు.

మన హైదరాబాదు క్రీడాకారిణుల అనుభవం కొంత భిన్నంగా ఉంది. 2017 ప్రపంచకప్పుకు ముందు భారత మహిళా క్రికెట్ జట్టు నాయకురాలు మిథాలీరాజ్‌ను ఒక విలేకరి, మీకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగాడు. ఇష్టమైన క్రీడాకారిణి ఎవరని పురుషులను ఎప్పుడైనా అడిగారా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. గొంతు పెంచలేదు, నవ్వి దాటవేయనూ లేదు. అంతకు ఏడాది ముందు, 2016 జులైలో, సానియా మీర్జా తన ఆత్మకథ వెలువడిన సందర్భంలో ఒక ప్రముఖ పాత్రికేయునికి ముఖాముఖి ఇచ్చారు. ఎప్పుడు స్థిరపడతారు, మాతృత్వం సంగతేమిటి అని ఆయన అడిగారు. ప్రపంచంలో డబుల్స్ ప్రథమ స్థానంలో ఉన్న తాను స్థిరపడినట్లు ఆయనకు తోచడం లేదా అని ఆమె తిరిగి అడిగారు. ఎన్ని వింబుల్డన్లు గెలిచినా పెళ్లి, పిల్లలు అయ్యేదాకా స్త్రీ జీవితం స్థిరపడినట్లు లోకం ఒప్పుకోదన్నారు. ఆ పాత్రికేయుడు అక్కడికక్కడే, ప్రేక్షకులు చూస్తూ ఉండగానే, క్షమాపణ కోరారు. ఒక పురుష క్రీడాకారుని తాను ఈ ప్రశ్న అడిగి ఉండేవాణ్ణి కానని ఒప్పుకున్నారు.