బెర్లినులో లోహియా

1929లో ఉన్నత విద్యకై విదేశాలకు బయలుదేరేనాటికి రామమనోహర్ లోహియా వయస్సు పందొమ్మిదేళ్లు. ఆనాటి భారతీయ విద్యార్థులలో అత్యధికులకు విదేశీ విద్య అంటే ఇంగ్లండులోని చదువే. పాలకుల దేశంలో పట్టా పుచ్చుకోవడానికి లోహియా మనస్సు అంగీకరించలేదు. ఆయన బెర్లిను విశ్వవిద్యాలయాన్ని ఎంచుకొన్నారు.

ప్రసిద్ధ ఆర్థికవేత్త వెర్నర్ సోంబార్ట్ వద్ద పరిశోధన చేయాలన్నది ఆయన అభిలాష. తొలి సమావేశంలో లోహియా ఆంగ్లంలో మాట్లాడగా, తనకు ఆ భాష రాదని ఆచార్యులు చెప్పారట. మూడు నెలల తరువాత వస్తానని సెలవు తీసుకొన్న లోహియా, గడువులోగా జర్మన్ నేర్చుకొని తిరిగి ఆయన ఎదుట నిలిచారని జీవితచరిత్రకారులు చెబుతారు. ఉపవాక్యం చివర క్రియ రావడం భారతీయునికి కొత్త కాదు గాని, ప్రతి నామవాచకానికీ లింగాన్ని కంఠస్థం చేయవలసిన భాష అంత త్వరగా పట్టుబడటం సామాన్య విషయం కాదు.

నేర్చిన భాషతో ఆయన జర్మనీ విషయాలను పరిశోధించలేదు. 1930లో గాంధీజీ దండి యాత్రతో దేశం అట్టుడికిపోయింది. లోహియా ఉప్పు పన్నునే తన పరిశోధనాంశంగా స్వీకరించారు. నిరుపేద కూడా కొనక తప్పని వస్తువుపై పన్ను వేసిన పాలన స్వరూపం ఆ పరిశోధనలో చర్చకు వచ్చింది.

1933 జనవరిలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాదే లోహియా స్వదేశం చేరారు. మద్రాసు రేవులో దిగిన ఆ డాక్టరు వద్ద కలకత్తాకు రైలు ఛార్జీ లేదు. నేరుగా 'ది హిందూ' పత్రికా కార్యాలయానికి వెళ్లి, అక్కడే వ్యాసాలు రాసి, ఆ పారితోషికంతో ప్రయాణం సాగించారని ప్రతీతి.