ఇంటి దుకాణంలో ఉద్యోగం – గృహరుణానికి జీతం రుజువు

హోసూరు, బళ్ళారి, బరంపురం వంటి ఊళ్ళలో చదువు ముగించి తండ్రిగారి దుకాణంలోనే కుదురుకునే మన పిల్లలు ఎందరో ఉన్నారు. నేను బ్యాంకులో పనిచేసే రోజుల్లో అటువంటి యువకుడొకడు గృహరుణానికి వచ్చాడు. ఆరేళ్ళుగా కొట్లో కష్టపడుతున్నాడు. జీతం మాత్రం గల్లాపెట్టెలోంచి తీసుకున్నదే. తండ్రిగారి ఉత్తరం తప్ప వేరే కాగితం లేదు. రుణం రాలేదు, ఇంటికిచ్చిన అడ్వాన్సూ పోయింది.

సొంతవారికి జీతపు కాగితం రాసివ్వడం తేలిక. అందుకే బ్యాంకు మూడింటిని సరిచూస్తుంది:

1. దుకాణం లెక్కల్లో ఆ జీతం ఖర్చుగా రాసి ఉండాలి.
2. అదే మొత్తం నెలనెలా ఉద్యోగి బ్యాంకు ఖాతాలో జమ కావాలి.
3. అదే జీతం అతని ఆదాయపు పన్ను రిటర్నులో కనిపించాలి.

సాధారణంగా ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంటు, రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతారు. రుణం కోసం అప్పటికప్పుడు రిటర్ను వేస్తే, వేసిన తేదీ దానిమీదే ఉంటుంది. పన్ను పడేంత ఆదాయం లేకపోయినా ఏటా రిటర్ను వేయవచ్చు.

తండ్రిగారు సహరుణగ్రహీతగా చేరవచ్చు. అయితే కొడుకు జీతం పోగా మిగిలిన లాభమే ఆయన ఆదాయం. ఒకే సొమ్మును రెండుసార్లు లెక్కించరు.

తల్లిదండ్రులకు నా మనవి: కొడుకైనా, కూతురైనా పనిలో చేరిన మొదటి నెల నుంచే జీతం బ్యాంకు ద్వారా ఇవ్వండి. పనికి తగినంతే ఇవ్వండి. మించితే ఆ ఎక్కువను పన్ను అధికారులు ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు. ఇల్లు చూసుకున్నాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది.