స్కాన్ ఫిల్మ్‌ను ఎలా చూడాలి?



పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో మనిషి బొమ్మ ఎదురుగా నిలబడి ఉంటుంది. సీటీ స్కాన్ ఫిల్మ్‌లో అలా ఉండదు. అందుకే దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఏమీ అర్థంకాక మళ్లీ కవర్లో పెట్టేస్తాం.

శీలావతి చేపను ముక్కలు కోయించిన వారికి ఇది కష్టమేమీ కాదు. అడ్డంగా కోసిన ముక్కలో నడుమ వెన్నుముల్లు, ఇరువైపులా కండ, కింద పొట్ట ఖాళీ కనిపిస్తాయి. సీటీ యంత్రం కత్తి లేకుండా మనల్ని అలాగే చూపిస్తుంది. ఎక్స్‌రే గొట్టం శరీరం చుట్టూ తిరుగుతుంటే, అన్ని కోణాల కొలతలనూ కలిపి కంప్యూటర్ ఒక్కో పొరను గీస్తుంది. ఎముక తెల్లగా, గాలి నల్లగా, కండ బూడిద రంగులో ఉంటాయి. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడును ఇలా చూశారు. యంత్రం తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని వెనుక గణితం చేసిన కార్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది.

చిత్రాన్ని వెల్లకిలా పడుకున్న మనిషి పాదాల దగ్గర నిలబడి చూస్తున్నట్టు చదవాలి. వెన్నెముక కిందికి ఉంటుంది. కుడివైపు ఉండే కాలేయం మనకు ఎడమవైపు కనిపిస్తుంది. ఫిల్మ్ తిరగబడిందని పిల్లలు వాదిస్తారు, వాదించనివ్వండి.

అయితే స్కాన్ చూపేది ప్రధానంగా ఆకారాన్నే. 2020 డిసెంబరులో మన పక్కనే ఏలూరులో వందల మంది, పిల్లలతో సహా, మూర్ఛతో ఆసుపత్రిలో చేరారు. మెదడు సీటీ స్కాన్‌లు మామూలుగానే వచ్చాయి. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. మెదడులో రక్తస్రావం, గడ్డ లేవని చెప్పడానికి ఆ స్కాన్ పనికొచ్చింది కానీ, రక్తంలో ఏం కలిసిందో చెప్పలేదు. ‘స్కాన్ నార్మల్’ అని రాసి ఉన్నా బిడ్డకు బాగోలేకపోతే మళ్లీ డాక్టర్‌కు చూపించండి.

స్కాన్ తీయించమని మనమే పట్టుబట్టడం మాత్రం మంచిది కాదు. సీటీలో రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రే కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పెరిగే వయసు పిల్లలపై దాని ప్రభావమూ ఎక్కువే. అల్ట్రాసౌండ్‌లో శబ్ద తరంగాలు, ఎంఆర్‌ఐలో అయస్కాంతం వాడతారు కాబట్టి ఆ రేడియేషన్ ఉండదు. కడుపునొప్పికి చాలాసార్లు ముందు అల్ట్రాసౌండే చేస్తారు. తలకు గట్టి దెబ్బ తగిలి డాక్టర్ సీటీ వెంటనే కావాలంటే ఆలస్యం చేయకండి. మిగతా సమయాల్లో “దీనితో ఏం తెలుస్తుందండీ? అల్ట్రాసౌండ్ సరిపోతుందా?” అని అడగండి. పాత ఫిల్ములు, సీడీలు వెంట తీసుకెళ్తే అదే స్కాన్ మళ్లీ తీయాల్సిన అవసరం తప్పవచ్చు. గర్భవతి అయిన తల్లి ఆ సంగతి ముందే టెక్నీషియన్‌కు చెప్పి, బిడ్డతోపాటు సీటీ గదిలోకి వేరొకరిని పంపాలి.