గుమ్మటం కింద విన్నది, మేడ మీద సరిచూద్దాం

వరంగల్‌లో నాలుగేళ్లు చదివి వేయి స్తంభాల గుడి చూడనివాళ్లు, భద్రకాళి చెరువు గట్టున ఒక్క సాయంత్రమైనా కూర్చోనివాళ్లు మనలో దాదాపు ఉండరు. అదే హన్మకొండలోని ప్రతాపరుద్ర ప్లానిటోరియం లోపలికి వెళ్లినవాళ్లు చేతులెత్తమంటే? కొన్ని చేతులే లేస్తాయి. వాటిలోనూ సగం చిన్నప్పుడు స్కూలు టూర్‌లో వెళ్లినవే. "చీకట్లో కుర్చీ వెనక్కి వాల్చి పడుకున్నాం, చుక్కలు చూపించారు, మంచి నిద్ర పట్టింది" అనేది మామూలుగా వినిపించే రిపోర్టు.

నిద్ర పట్టడం తప్పేమీ కాదు. కానీ షో అయిపోయాక బయటికొచ్చి అసలు ఆకాశం వైపు ఒక్కసారైనా చూడకుండా బస్సెక్కితే టికెట్ డబ్బులు సగం వృథా అయినట్టే. ప్లానిటోరియం క్లాస్‌రూమ్ లాంటిది, ల్యాబ్ బయట ఉంది. ఆ ల్యాబ్‌కి ఫీజు లేదు, అటెండెన్స్ లేదు. ఈ వ్యాసం ఆ ల్యాబ్ మాన్యువల్ అనుకోండి.

గుమ్మటం ఏం చేస్తుంది?

నక్షత్రాలను గుమ్మటం మీద చూపే ప్రొజెక్టర్‌ను మొదట 1923లో జర్మనీలోని జైస్ కంపెనీ తయారు చేసింది. మన తెలుగు నేలలో చాలామందికి తెలిసిన హైదరాబాద్ బిర్లా ప్లానిటోరియం 1985లో మొదలైంది. యంత్రాలు మారాయి, డిజిటల్ అయ్యాయి కానీ మూల సూత్రం అదే. అర్ధగోళం లోపలి వైపు తెర, కింద మనం, మధ్యలో వెలుగు.

అది రెండు పనులు బాగా చేస్తుంది. ఒకటి, కాలాన్ని కుదిస్తుంది. రాత్రంతా మేలుకుంటే తప్ప కనిపించని చుక్కల ప్రయాణాన్ని రెండు నిమిషాల్లో తిప్పి చూపిస్తుంది. రెండు, మనల్ని కదలకుండా ఊరు మారుస్తుంది. వరంగల్ ఆకాశం నుంచి ఉత్తర ధ్రువం ఆకాశానికి ఒక్క మీటతో తీసుకెళ్తుంది.

చెయ్యలేని పని కూడా ఒకటుంది. అక్కడ మనం చూసేది నక్షత్రం వెలుగు కాదు, ప్రొజెక్టర్ వెలుగు. "ఇది నిజమేనా?" అని పరీక్షించే అవకాశం గుమ్మటం కింద ఉండదు, చెప్పింది నమ్మాలి. నమ్మడం దగ్గరే ఆగిపోతే సైన్స్ కూడా ఇంకో పురాణ శ్రవణం అయిపోతుంది. అందుకే మేడ ఎక్కాలి.

మొదటి ప్రయోగం: పిడికిలితో అక్షాంశం

కావలసిన పరికరం మీ చెయ్యి. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపితే 5, చిటికెన వేలు 1 డిగ్రీ. పొడుగు మనిషికి చెయ్యి పొడుగు, పిడికిలి పెద్దది కాబట్టి లెక్క దాదాపు అందరికీ సరిపోతుంది.

ఇప్పుడు ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రిపూట ఉత్తరాన సప్తర్షి మండలం కనిపిస్తుంది. మంచం లాంటి నాలుగు చుక్కల్లో తోకకి దూరంగా ఉన్న రెండు, అంటే పులహుడు, క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ రెంటి మధ్య దూరానికి ఐదు రెట్లు ముందుకు పొండి. అక్కడ ఒంటరిగా, మరీ ఎక్కువ మెరవకుండా ఉండేదే ధ్రువం. చాలామంది అది ఆకాశంలో అన్నింటికన్నా ప్రకాశవంతమైన చుక్క అనుకుంటారు. కాదు. దాని గొప్పతనం వెలుగులో లేదు, కదలకపోవడంలో ఉంది.

ఉత్తర దిక్కున నేల అంచు నుంచి ధ్రువం దాకా పిడికిళ్లు కొలవండి. వరంగల్‌లో రెండు పిడికిళ్లకి కొంచెం తక్కువ వస్తుంది, అంటే 18 డిగ్రీలు. వరంగల్ అక్షాంశం కూడా 18 డిగ్రీలే. ఇది కాకతాళీయం కాదు. భూమి అక్షం ధ్రువం వైపు చూస్తోంది కాబట్టి, మీరు భూమధ్యరేఖ నుంచి ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా జరిగితే ధ్రువం అన్ని డిగ్రీలు పైకి లేస్తుంది.

ఇంజనీర్లం కదా, ఎర్రర్ కూడా చూద్దాం. పిడికిలి కొలతలో 2 డిగ్రీల తేడా సులభంగా వస్తుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు. కాబట్టి మీ జవాబు 220 కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. జీపీఎస్ ముందు నవ్వొచ్చే సంగతే, కానీ ఒక పిడికిలితో ఇంత వచ్చిందంటే తక్కువేమీ కాదు. ఢిల్లీలో చదివే ఫ్రెండ్ ఉంటే అదే కొలత అక్కడ తీయమనండి. అక్కడ ధ్రువం దాదాపు 28.6 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. రెండు ఊళ్ల ఉత్తర దక్షిణ దూరం, రెండు కోణాల తేడా తెలిస్తే భూమి చుట్టుకొలత మీ నోట్‌బుక్‌లోనే తేలుతుంది.

రెండో ప్రయోగం: నీడ మాయమయ్యే రోజు

ఆకాశ దర్శనం అంటే రాత్రే అనుకోవద్దు. మన దేశంలో కర్కట రేఖకి దక్షిణాన ఉన్న ప్రతి ఊరికీ ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిలువుగా పెట్టిన వస్తువుకి ఆ నిమిషంలో పక్కకి నీడ పడదు. వరంగల్‌కి ఆ రోజులు మే 11, 12 ప్రాంతంలో ఒకసారి, జులై ఆఖరు, ఆగస్టు 1 ప్రాంతంలో ఇంకోసారి. ఢిల్లీవాళ్లకి ఈ అదృష్టం ఎప్పుడూ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. సరిగ్గా పన్నెండింటికి చూస్తే ఇంకా కొంచెం నీడ ఉంటుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం సమయాన్ని చూపిస్తాయి. వరంగల్ దానికి సుమారు 2.9 డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు 12 నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు భూమి కక్ష్య సరిగ్గా వృత్తం కాకపోవడం, అక్షం వాలి ఉండటం వల్ల ఇంకొన్ని నిమిషాల తేడా. అన్నీ కలిపితే మేలో 12 గంటల 8 నిమిషాలకి, ఆగస్టులో 12 గంటల 18 నిమిషాలకి అటూ ఇటుగా నీడ మాయమవుతుంది. ఆగస్టులో మబ్బు పట్టే అవకాశం ఎక్కువ కాబట్టి మే రోజునే నమ్ముకోండి. కాకపోతే ఎండకి గొడుగు, నీళ్లు మర్చిపోవద్దు.

మూడో ప్రయోగం: కార్తె లెక్క

"రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అని తాతల నోట వినే ఉంటారు. జూన్ 8 దగ్గర మృగశిర కార్తె వస్తే రైతులు దుక్కికి సిద్ధమవుతారు, హైదరాబాద్‌లో చేపల కోసం క్యూలు కడతారు. అసలు కార్తె అంటే ఏమిటి? సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే అది ఆ కార్తె. ఏడాదిని 27 నక్షత్రాలకి పంచితే ఒక్కోదానికి పదమూడున్నర రోజులు.

ఇప్పుడు ప్రశ్న. మృగశిర కార్తె రోజు రాత్రి మేడెక్కితే మృగశిర కనిపిస్తుందా? కనిపించదు! సూర్యుడు అక్కడే ఉన్నాడు కదా, అది ఆయనతోనే ఉదయించి ఆయనతోనే అస్తమిస్తుంది. మరెప్పుడు చూడాలి? ఆరు నెలల తర్వాత, సూర్యుడు ఎదురు దిక్కుకి వెళ్లినప్పుడు. అంటే డిసెంబర్‌లో. ఆ నెలకి మన పంచాంగం పెట్టిన పేరు మార్గశిరం. ఆ నెల పౌర్ణమి చంద్రుడు మృగశిర దగ్గర ఉంటాడు కాబట్టి ఆ పేరు. జూన్‌లో కార్తె, డిసెంబర్‌లో మాసం, రెండింటికీ ఒకే నక్షత్రం పేరు ఎందుకొచ్చిందో ఈ ఒక్క వాక్యంతో తేలిపోయింది. కార్తె సూర్యుడి లెక్క, మాసం పౌర్ణమి చంద్రుడి లెక్క.

డిసెంబర్ రాత్రి తొమ్మిది దాటాక తూర్పున చూడండి. వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. కొన్ని ఊళ్లలో వీటిని గొర్రుకొయ్యలు అంటారు. వాటికి ఉత్తరంగా ఎర్రటి ఆరుద్ర, దాని దగ్గర మసకగా మృగశిర. ఇంకొంచెం పైన ఎర్రగా రోహిణి, ఆ పైన గుంపుగా పిల్లలకోడి, అదే కృత్తిక. నాలుగు కార్తెలు ఒకే చూపులో.

అరుంధతి అనే కంటి పరీక్ష

పెళ్లిలో పట్టపగలు పురోహితుడు పైకి చూపిస్తే, పెళ్లికొడుకు ఫోటోగ్రాఫర్ కోసం తల ఊపుతాడు. నిజంగా అరుంధతిని చూడాలంటే మే నెల రాత్రి తొమ్మిది, పది మధ్య ఉత్తరం వైపు తిరగండి. సప్తర్షుల తోకలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. ఆయన పక్కనే మసకగా ఉన్నది అరుంధతి. ఇద్దరి మధ్య ఎడం పూర్ణ చంద్రుడి వెడల్పులో సగం కంటే తక్కువ. మంచి చూపు ఉంటే చాలు, టెలిస్కోప్ అక్కర్లేదు. హాస్టల్ మేడ నుంచి కనిపించకపోతే లోపం కంటిది కాకపోవచ్చు. ఆ సంగతికే వస్తున్నా.

పారిపోయిన టెలిస్కోపులు

మన దగ్గర ఆకాశం చూసిన చరిత్ర చిన్నది కాదు. విశాఖపట్నంలో 1840లోనే జి.వి. జగ్గారావు సొంత వేధశాల పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత నిజాం ప్రభుత్వానికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. ప్రపంచ దేశాలు పంచుకుని తయారు చేసిన నక్షత్రాల పట్టికలో తన వంతుగా బేగంపేట నుంచే 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి ఇచ్చింది. వేణు బప్పు తండ్రి పని చేసింది అక్కడే, బప్పు ఆకాశం చూడటం నేర్చుకున్నదీ అక్కడే.

ఇవాళ బేగంపేటలో నిలబడి ఆ పట్టిక తయారు చెయ్యగలమా? నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. 48 అంగుళాల కొత్త టెలిస్కోప్‌ను ఉస్మానియా 1968లో నగరానికి దూరంగా, జాపాల్–రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఆ వేధశాల మీదుగానే సాగింది. తర్వాత నగరం అటు వైపు కూడా పెరుగుతూ వచ్చింది.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిపోయి పెరుగుతున్న ఈ రోజుల్లో మన మేడ మీదా ఇదే కథ. చీకటి ఊళ్లో ఒకేసారి రెండు, మూడు వేల చుక్కలు కనిపిస్తాయి. నగరంలో వందలకో, పదులకో పడిపోతాయి. పాలపుంత అయితే గుమ్మటం కింద తప్ప కనిపించని తరం వచ్చేస్తోంది. ప్లానిటోరియం అసలు ఆకాశానికి పరిచయ పత్రం కావాలి గానీ, జ్ఞాపక చిహ్నం కాకూడదు కదా!

ఇది మన చేతుల్లో లేని సమస్య కాదు. వీధి దీపం వెలుగు రోడ్డు మీద పడాలి. పైకి, పక్కలకి పోయేదంతా వృథా కరెంటు. పైన మూత ఉన్న దీపం, అవసరమైనంతే వెలుగు, తెల్లటి వెలుగు బదులు పసుపు వెలుగు. ఈ మూడూ ఎలక్ట్రికల్ విద్యార్థి డిజైన్ చెయ్యగల పనులే. మన క్యాంపస్‌లో మొదలుపెడితే చాలు.

టెలిస్కోప్ దగ్గర క్యూలో ఉంటే

ఎక్కడైనా పబ్లిక్ ఆకాశ దర్శనం పెడితే ఈ నాలుగు గుర్తుంచుకోండి.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటికి. ఫ్లాష్‌లైట్‌కి ఎర్ర కాగితం చుట్టండి.

చంద్రుడి గుంటలు చూడటానికి పౌర్ణమి మంచిది కాదు. సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగు పక్క నుంచి పడి నీడలు పొడుగ్గా ఉంటాయి.

చిన్న టెలిస్కోప్‌లో శని గింజంత కనిపిస్తుంది, నెట్‌లో ఫోటోలా ఉండదు. కానీ ఆ గింజకి చుట్టూ వలయం ఉంటుంది, ఆ వెలుగు గంటకు పైగా ప్రయాణించి మీ కంట్లో పడుతుంది.

సూర్యుణ్ణి మాత్రం తగిన సౌర ఫిల్టర్ లేకుండా ఎప్పుడూ చూడొద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, కూలింగ్ గ్లాసులు పనికిరావు. చంద్రగ్రహణానికి ఏ భయమూ అక్కర్లేదు, మామూలు కళ్లతో చూడొచ్చు. ఇంట్లో తలుపులు మూసుకునే పెద్దవాళ్లతో వాదించే కంటే, చెయ్యి పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్లి "చూడు అమ్మమ్మా, భూమి నీడ ఎంత గుండ్రంగా ఉందో" అంటే పని తొందరగా అవుతుంది.

చివరిగా ఒక హోంవర్క్. ఈ శీతాకాలంలో అమావాస్య దగ్గర రాత్రి, గొర్రుకొయ్యల చుట్టూ ఉన్న నాలుగు పెద్ద చుక్కల చతురస్రం లోపల ఎన్ని చుక్కలు కనిపిస్తాయో లెక్కపెట్టండి. ఒకసారి హాస్టల్ మేడ మీద, సెలవులకి వెళ్లినప్పుడు ఒకసారి మీ ఊళ్లో. ప్రపంచవ్యాప్తంగా 2006 నుంచి నడుస్తున్న 'గ్లోబ్ ఎట్ నైట్' కార్యక్రమంలో మామూలు జనం చేసే పని కూడా దాదాపు ఇదే. ఊరి పేరు, తేదీ, సమయం, రెండు అంకెలు రాసి మన క్లబ్‌కి పంపండి. వచ్చే సంచికలో అన్నీ ఒక పట్టికగా వేద్దాం. మన ఊళ్ల ఆకాశం ఎంత మిగిలిందో మన లెక్కలోనే తెలుస్తుంది.